చిల్లర

ఆధార్ కార్డు తీసి చూపించాను.
కండక్టరమ్మ అడ్రసు మీద వేలు పెట్టి
"రాయచోటా? ఆంధ్రాది నడ్వదమ్మా, టికెట్ తీస్కో" అంది.
సికింద్రాబాదు నుంచి అఫ్జల్‌గంజ్‌కి ముప్పై.
బస్సు నిండా ఆడవాళ్ళు, అందరి చేతుల్లో జీరో టికెట్లు.
డబ్బులిచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే,
నారాయణగూడ దాకా.

అక్కడ ఎక్కింది ఆమె.
ముందు బియ్యం సంచితో కుట్టిన బ్యాగు ఎక్కింది, తర్వాత తను.
ఆమెది బీదర్ ఆధారట.
"ఇయ్యాల పరాయోళ్ళంత నా బస్సే ఎక్కిన్రు"
కండక్టరమ్మకి నవ్వొచ్చింది.

నేనిచ్చింది వంద. ఆమె ఇచ్చింది యాభై.
దిగేముందు నా వంద నాకే తిరిగొచ్చింది,
అదే నోటు, మూల మీద అదే నీలం సిరా మరక,
కానీ ఇప్పుడది పూర్తిగా నాది కాదు.
"చిల్లర లేదు. డెబ్బై నీకు, ముప్పై ఆమెకు.
ఇద్దరు కల్సి పంచుకోండ్రి."
రైట్ రైట్.

పండ్ల బండి అతను లేదన్నాడు.
తాళాలమ్మే కుర్రాడు ఫోన్‌పే బోర్డు చూపించాడు.
"దాన్ని చింపి ముప్పై ఇస్తవా?" అడిగింది వాణ్ణి.
రోడ్డు దాటేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది,
ఆటోలకి భయపడి కాదనుకుంటా,
ముప్పై రూపాయలు పారిపోకుండా.

"చాయ్ తాగితే నోటు విరుగుతది" అంది.
ఇరానీ హోటల్లో పాలరాతి బల్ల మీద
మాకు ముందు తాగినవాళ్ళ కప్పుల గుండ్రాలు.
సాసర్లో పోసుకుని, ఊది, కళ్ళు మూసుకుని తాగింది.
పేరు కమలాబాయి. సంతల్లో గుండీలు అమ్ముతుంది.
నెలకోసారి చెల్లెలి కూతురింట్లో రాత్రి పడుకుని
పొద్దున్నే బేగంబజార్లో కొనుక్కుంటుంది
చొక్కాలవి, కోట్లవి,
పసిపిల్లల ఫ్రాకులకి ఆవగింజంతవి.
"మరి నువ్వు?"

ఇంట్లో ట్రైనింగని చెప్పొచ్చాను.
ట్రైనింగు నిన్నటితోనే అయిపోయింది.
నలభై ఆరేళ్ళకి మొదటిసారి
ఎవరి బ్యాగూ మొయ్యకుండా
ఆకలేస్తోందా అని ఎవర్నీ అడక్కుండా
ఒక ఊళ్ళో ఒక రోజు నడవాలనిపించింది.
సొంత చెల్లెలికి చెప్పని ముక్క,
బిస్కెట్టు చాయ్‌లో ముంచినంత తేలిగ్గా చెప్పేశాను.

ఆమె నవ్వలేదు.
సంచి మూతి దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది.
"గుండీలు బీదర్ల గూడ దొర్కుతయి.
రూపాయి తక్వకే."

బిల్లు అరవై.
వేళ్ళ కణుపుల మీద లెక్కేసింది.
"చెరి ముప్పై. నా ముప్పై నేను తాగేసిన.
మిగిలిన నలభై నీదే. సరిపాయె."

రాయచోటి పోస్టాఫీసు కౌంటర్లో ఇరవై రెండేళ్ళుగా
సాయంత్రం రూపాయి తేడా వస్తే ఇంటికి కదలని మనిషిని.
లెక్క సరిపోవడం
ఆ పూట నాకు నచ్చలేదు.
ఆమె చెంగు దులుపుకుంటోంది. సంచి అప్పుడే లేచింది.
నేను చెయ్యెత్తి ఇంకో రెండు చాయ్ చెప్పాను.

కూర్చుంది.
రెండో చాయ్‌కి పెద్దగా మాట్లాడుకోలేదు.
వాన మొదలై, మనసు మార్చుకుని ఆగిపోయింది.
ఉస్మానియా ఆసుపత్రి వైపు ఒకతను
స్టీలు క్యారియరు గుండెకానించుకుని పరుగెత్తాడు.
నా హ్యాండ్‌బ్యాగు గుండీ
ఒక్క దారం మీద వేలాడుతోందని ఆమే చూసింది.
ఇరవైకి బదులు గుండీల అట్ట ఒకటి ఇవ్వబోయింది.
వద్దన్నాను.
"మరెట్ల? బాకీ ఉంచుకునుడు నాకు అలవాటు లేదు."
"నాకూ లేదు" అన్నాను.

ఫోన్ నంబరు నేనడగలేదు, ఆమే అడగలేదు.
బేగంబజార్ సందులోకి ముందు సంచి వెళ్ళింది,
తర్వాత తను.

రాత్రి బస్సులో, ఫోను వెలుగులో
అలవాటుగా ఖర్చులు రాసుకున్నాను.
సిటీ బస్సు ముప్పై. చాయ్, బిస్కెట్లు, మళ్ళీ చాయ్.
గీత కొట్టి, దాని కింద
కమలాబాయి, బీదర్, ఇరవై,
రావాలి.